నల్లరాతి మీద పదోవంతు మిల్లీమీటరు

పెద్దావిడ మొహం నుదుటి దగ్గర మొదలైంది. అద్దంలా పాలిష్ పట్టిన నల్ల పలక మీద లేజరు తల మగ్గంలో నాడెలా అటూ ఇటూ పరుగులు పెడుతోంది. అది పోయిన చోటల్లా సన్నటి బూడిదరంగు గీత మిగులుతోంది. గంటసేపు నిలబడితే బొట్టు, కళ్ళజోడు, ముక్కుపుడక ఒక్కొక్కటే రాతిలోంచి పైకి తేలాయి. చిత్తూరు రోడ్డులో సమాధి రాళ్ళు, శంకుస్థాపన ఫలకాలు చేసే కొట్టది. పవరు ఎంత పెట్టాలో ఎట్లా తెలుస్తుందని కొట్టాయన్ని అడిగాను.

"ఎక్కువైతే రాయి పెచ్చు లేస్తాది సార్. తక్కువైతే మొగం రాదు. రాయికో లెక్క ఉండాది. కుప్పం రాయికి పెట్టింది ఇంకో రాయికి పెడితే కుదరదు."

ఆయన చేత్తో పట్టుకున్న ఆ లెక్కనే కంప్యూటరు మీద పట్టుకోవాలని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. లేజరు తగిలిన చోట వేడి ఎంత లోతుకు దిగుతుంది, ఎప్పుడు కరుగుతుంది, చల్లారాక ఏం మిగులుతుంది అన్నది ముందే లెక్కగట్టే విద్య అది. సిమ్యులేషన్ అనగానే మనకు ఎర్రటి మధ్యభాగం, నీలం అంచులు ఉన్న రంగుల బొమ్మ గుర్తొస్తుంది. ఆ బొమ్మ మీద నాకు పెద్ద గౌరవం లేదు. దాని వెనక ఉన్న పనితనం మీద మాత్రం చాలా ఉంది.

ఇంటికొచ్చి నేనే ఒక లెక్క వేశాను. వ్యాపారంలో నల్ల గ్రానైటు అంటాం గానీ, చిత్తూరు నేలలో గోడల్లా నిలువుగా దిగి ఉన్న ఆ నల్లరాయి చాలావరకు డోలరైటు. దాని మీద చుక్క వెడల్పు మిల్లీమీటరులో పదోవంతు, తల పరుగు సెకనుకు 300 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్కో చోట కాంతి నిలిచేది సెకనులో మూడువేలో వంతు. అంతలో ఆ రాతిలో వేడి ఎంత దూరం పాకుతుందంటే, సుమారు 36 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో సగం. పెద్దావిడ మొహమంతా ఆ సగం వెంట్రుక లోతులోనే ఉంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ చుక్కలో పడేది 10 వాట్లు అనుకుని, పాఠ్యపుస్తకంలోని సూత్రంలో వేసి చూస్తే రాతి పైభాగం వేడి దాదాపు 12 వేల డిగ్రీలని వచ్చింది. సూర్యుడి ఉపరితలం ఐదున్నర వేల డిగ్రీల దగ్గర ఉంటుంది. రోడ్డు పక్క కొట్టులో సూర్యుడికి రెండింతల వేడి పుట్టదు కదా! కూడికలో తప్పేం లేదు. సూత్రానికి తెలియనివి చాలా ఉన్నాయి, అంతే. వేడి కిందికే కాక పక్కలకూ పోతుందని దానికి తెలియదు. పడిన కాంతిలో కొంత తిరిగి ఎగిరిపోతుందని తెలియదు. రాయి 1100, 1200 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుందని, కరగడానికే కొంత వేడి ఖర్చవుతుందని, ఇంకా వేడెక్కితే ఆవిరై ఆ ఆవిరితోపాటు వేడినీ తీసుకుపోతుందని తెలియదు. సిమ్యులేషన్ రాసేవాడి పని ఆ 12 వేల దగ్గర మొదలవుతుంది. ఈ తెలియనివాటిలో వేటిని లోపలికి రానివ్వాలి, వేటిని గడప బయటే ఉంచాలి? అన్నీ రానిస్తే లెక్క ఎన్నటికీ తెమలదు. ఏదీ రానివ్వకపోతే సూర్యుడు పుడతాడు.

వేడి పాకడం గురించి మన ప్రాంతంలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు కాళహస్తి కలంకారీ పనివాళ్ళని నా అనుమానం. వాళ్ళు చూసేది వేడిని కాదు, రంగును. బట్టను ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ కసిమిని, అంటే ఇనుముతో చేసిన రంగునీళ్ళను, నల్లగా పట్టి ఉంచుతుంది. పాలలోని వెన్న ఆ నలుపును గీత దాటి పాకనివ్వదు. పాలు సరిగ్గా పట్టని బట్ట మీద అదే కలం, అదే చెయ్యి గీసినా గీత మసకబారుతుంది. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే ఎంత కసిమి దిగుతుందో, ఎంతసేపు ఆపితే ఎంత పాకుతుందో ఆ వేళ్ళకు తెలుసు. రంగు పాకడానికీ వేడి పాకడానికీ గణితం ఒకటే. జోసెఫ్ ఫూరియే 1822లో పుస్తకంగా అచ్చువేసిన వేడి సమీకరణాన్ని పేర్లు మార్చి రెండింటికీ వాడుకోవచ్చు. కాలం నాలుగు రెట్లయితే పాకే దూరం రెండు రెట్లే అవుతుందన్నది అందులో తేలే మొదటి సంగతి. అందుకే లేజరు పనిలో నాణ్యత అంతా పల్సు, అంటే ఒక్కసారి వెలిగి ఆరే కాంతి తునక, ఎంత పొట్టిది అన్న దగ్గరే తిరుగుతుంది. రాగి మీద మిల్లీసెకండు పల్సు వేస్తే వేడి అర మిల్లీమీటరు దాటి పోతుంది. ఏడు నానోసెకండ్ల పల్సు వేస్తే రెండు మైక్రాన్లు కూడా పోదు.

ఆ సమీకరణాన్ని కంప్యూటరుకు ఇవ్వాలంటే ముందు వస్తువును ముక్కలు చెయ్యాలి. దాన్ని మెష్ అంటారు. ముంగిట్లో చుక్కల ముగ్గు వేసినట్టే: ముందు చుక్కలు, తరవాత వాటిని కలిపే గీతలు. తేడా ఏమంటే, ముగ్గులో చుక్కల మధ్య దూరం అంతా ఒకటే. ఇక్కడ లేజరు నడిచే దారి వెంట చుక్కలు చీమల బారులా దగ్గరదగ్గరగా ఉంటాయి. దూరం జరిగేకొద్దీ పలచబడతాయి. కాంతి పడే చోట ముక్క మైక్రాన్లలో ఉంటే, పలక అంచు దగ్గర మిల్లీమీటర్లలో ఉన్నా నష్టం లేదు. మంచి చేతిపనిని మెష్‌లోనే గుర్తుపట్టవచ్చు. కలంకారీలో అమ్మవారి కళ్ళకు ఒక కలం, వెనకాల నిండుగా పూసే రంగుకు ఇంకో కలం. అంచుదాకా అంతా ఒకే సన్నం పెట్టినవాడికి పని తెలియదని కాదు, తీరిక ఎక్కువని.

ఈ ముక్కల విద్యలో ప్రపంచానికి పాఠం చెప్పినవాళ్ళలో మనవాడొకరు ఉన్నారు. జె.ఎన్. రెడ్డి, పూర్తి పేరు జూనుతుల నరసింహారెడ్డి, 1945లో వరంగల్ జిల్లాలో పుట్టారు. 1968లో ఉస్మానియాలో ఇంజినీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్ళారు. టెక్సస్ ఏ అండ్ ఎంలో దశాబ్దాలు పనిచేశారు. ఈ ముక్కల విద్యకు, అంటే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి, 1984లో ఆయన రాసిన పరిచయ గ్రంథం ఎన్నో దేశాల తరగతి గదుల్లో తిరిగింది. మనకు ఇంకా దగ్గరిది 1994లో గార్ట్లింగ్ అనే సహ రచయితతో కలిసి రాసిన పుస్తకం. ఆ పద్ధతిని వేడికీ ద్రవాల ప్రవాహానికీ ఎలా వాడాలో అందులో ఉంది. మెకానిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన తిమోషెంకో పతకం 2019లో ఆయనకు దక్కింది. పద్ధతి సారం చెప్పడం కష్టం కాదు. ముక్క మొత్తంలో వేడి ఎలా ఉందో మనకు తెలియదు. మూలల్లో ఎంత ఉందో తెలిస్తే మధ్యలో నున్నగా మారుతుందని అనుకుంటాం. అలా అనుకోవడం వల్ల వచ్చే తప్పు, ముక్కల మీద మొత్తంగా చూస్తే, వీలైనంత చిన్నదయ్యేలా మూలల విలువలు ఎంచుకుంటాం. అబద్ధం ఆడుతున్నామని ఒప్పుకుని, ఆ అబద్ధాన్ని కొలిచి, అదుపులో పెట్టడం. ఇంత నిజాయితీ గల అబద్ధం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

గడి గడికీ వేసే పద్దు మాత్రం తిరుపతి వాళ్ళకు కొత్త కాదు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో రోజూ పేపర్లో చదువుతాం. ఒక కంపార్టుమెంటులోకి ఎంతమంది వచ్చారు, ఎంతమందిని ముందుకు వదిలారు, ఎంతమంది మిగిలారు? వేడి లెక్కా అంతే. వచ్చిన వేడి, పోయిన వేడి, మిగిలిన వేడి. ఈ పద్దు ఒక్క గడిలో తప్పినా మొత్తం తప్పు. ఇందులోనే ఒక ప్రమాదం దాగుంది. సెకనును కూడా ముక్కలు చేసి ఒక్కో అడుగు వేస్తాం కదా, ఆ అడుగు పెద్దదైతే, ఉన్న వంద మందిలోంచి నూట యాభై మందిని పక్క గదిలోకి వదిలినట్టు అవుతుంది. ఇక్కడ మైనస్ యాభై, అక్కడ లేనిపోని రద్దీ. తరువాతి అడుగులో అక్కణ్ణించి ఇంకా ఎక్కువమంది వెనక్కి. కొద్ది అడుగుల్లోనే ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలకు పోయి రన్ పేలిపోతుంది. పేలకుండా ఉండాలంటే గడి సగమైనప్పుడు అడుగు నాలుగోవంతు కావాలి. నిడివి, వెడల్పు, లోతు మూడు వైపులా గడులు సగమైతే గడుల సంఖ్య 8 రెట్లు. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. గంటలో తేలే లెక్కకు 32 గంటలు పడుతుంది. గడులన్నిటినీ ఒకేసారి ముడివేసి తేల్చే పద్ధతుల్లో ఈ బాధ తగ్గుతుంది గానీ, ఒక్కో అడుగు ఖరీదు పెరుగుతుంది.

రాతిని వదిలి లోహానికి వద్దాం. రాయి ఒకే పదార్థం కాదు. పక్కపక్కనే ఉన్న వేరువేరు ఖనిజపు పలుకులు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా వ్యాకోచించి, ఆ గొడవలో పగుళ్ళిస్తాయి. పలక మీద కనబడే తెలుపు చాలావరకు ఆ సన్నని పగుళ్ళూ, కరిగి గాజైన పొరా కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చేదే. దాన్ని లెక్కలో పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. ఉక్కు కొంచెం మర్యాదస్తురాలు.

ఉక్కు పలక మీద కదిలే వేడిచుక్కకు మొదట అందమైన జవాబు ఇచ్చింది డేనియల్ రోసెంతాల్. 1946లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో వచ్చిన ఆయన వ్యాసంలో కంప్యూటరు లేదు, మెష్ లేదు, ఒక్క సూత్రం ఉంది. చుక్కతోపాటు మనమూ నడుస్తూ చూస్తే కరిగిన మడుగు కదలకుండా నిలబడినట్టు ఉంటుందని ఆయన పట్టుకున్న కిటుకు. ఆ సూత్రం ముందే ఒక ఆకారం చెప్పింది: చుక్కకు ముందు చల్లని లోహం కాబట్టి అటు మడుగు పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. వెనకాల వేడి ఇంకా ఆరలేదు కాబట్టి తోకలా సాగుతుంది. చిత్తూరు వాళ్ళకు ఇంత తిప్పి చెప్పనక్కరలేదు. తోతాపురి కాయను అడ్డంగా పడుకోబెడితే అదే మడుగు. తొడిమ వైపు ముందు, ముక్కు వైపు వెనక.

ఆ సూత్రానికి ఒక దోషం. వేడంతా ఒక్క బిందువులో పోసినట్టు అనుకున్నారు కాబట్టి ఆ బిందువు దగ్గర ఉష్ణోగ్రత అనంతం. దూరంగా ఉన్నవాడికి మంచి జవాబు, దగ్గరికెళ్తే కాలిపోతాడు. 1984లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గోల్డాక్, ఆయన సహచరులు దీన్ని సరిచేసిన తీరు నాకు చాలా ఇష్టం. వెల్డింగ్ కోసం వాళ్ళు వేడిని ఒక ఘనాకారంలో పరిచారు. ముందు సగం ఒక దీర్ఘగోళం, వెనక సగం దానికంటే పొడవైన ఇంకో దీర్ఘగోళం. రెండూ మధ్యలో అతుకు కనబడకుండా కలుస్తాయి. మళ్ళీ తోతాపురే, ఈసారి వేడితో నిండింది. మడుగు లోపల ద్రవం ఎలా తిరుగుతుందో లెక్క కట్టే ఓపిక ఆనాటి కంప్యూటర్లకు లేదు. ఆ తిరుగుడు వల్ల వేడి ఎలా పరుచుకుంటుందో, ఆ ఫలితాన్ని ఆకారంలో ముందే పోసిపెట్టారు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకుండా, దాని నీడను మాత్రం తీసుకున్నారు.

ఆ తరువాత మూడేళ్ళకే, 1987లో, వోలర్, ప్రకాశ్ అనే ఇద్దరు ఇంకో చిక్కు విప్పారు. లోహం కరిగేటప్పుడు ద్రవానికీ ఘనానికీ మధ్య హద్దు కదులుతూ ఉంటుంది. గడులు స్థిరం, హద్దు అస్థిరం. కదిలే హద్దును వెంటాడుతూ ప్రతి అడుగుకూ మెష్ మార్చడం ఒళ్ళు హూనమయ్యే పని. వాళ్ళు హద్దును వెంటాడడమే మానేశారు. ప్రతి గడిలో ఎంత భాగం కరిగిందో ఒక్క అంకె పెట్టుకున్నారు. పూర్తిగా కరిగిన గడిలో ద్రవం స్వేచ్ఛగా పారుతుంది. సగం గడ్డకట్టిన గడిలో దూది లోంచి పారినట్టు ఆగి ఆగి పోతుంది. పూర్తిగా గడ్డకట్టిన గడిలో అసలు కదలదు. చెరకు గానుగల దగ్గర బెల్లం పెనం ముందు నిలబడినవాళ్ళకు ఇది తెలుసు. పాకం ముదిరేకొద్దీ గరిట బరువెక్కుతుంది. ఎక్కడా గీత గీసి ఇది పాకం, ఇది బెల్లం అని చెప్పలేం. ఇవాళ పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లలో కరగడం, గడ్డకట్టడం అన్న మీట నొక్కితే నడిచేది చాలాచోట్ల వీళ్ళ ఆలోచనే.

మడుగు లోపలికి చూడడం మొదలుపెట్టాక ఒక చిత్రం బయటపడింది. ద్రవం తలతన్యత వేడితో తగ్గుతుంది కాబట్టి, వేడిగా ఉన్న మధ్యలోంచి చల్లని అంచులకు పైపొర లాగబడుతుంది. మడుగు వెడల్పుగా, లోతు లేకుండా తయారవుతుంది. అయితే ఉక్కులో గంధకం పదిలక్షల్లో కొన్ని పదుల వంతులు ఉంటే చాలు, ఈ తీరు తలకిందులవుతుంది. ప్రవాహం అంచుల నుంచి మధ్యకు వచ్చి కిందికి దూకుతుంది. మడుగు లోతవుతుంది. 1982లో హైపుల్, రోపర్ అనే ఇద్దరు ఆర్క్ వెల్డింగ్‌లో దీన్ని వివరించారు. ఒకే గ్రేడు ఉక్కు, ఒకే మిషను, ఒకే చెయ్యి అయినా ఒక లాటులో అతుకు లోతుగా, ఇంకో లాటులో పైపైన ఎందుకు వస్తోందని తలలు పట్టుకున్నవాళ్ళకు జవాబు చిటికెడు గంధకంలో దొరికింది. దీన్ని వదిలేసిన సిమ్యులేషన్ ఎంత సన్నని మెష్ వేసినా లోతు తప్పే చెబుతుంది.

ఫెమ్టోసెకండు లేజర్ల దగ్గరికి వస్తే ఉష్ణోగ్రత అన్న మాటే చీలిపోతుంది. పల్సు ఎంత పొట్టిదంటే, కాంతిని మింగిన ఎలక్ట్రాన్లు వేల డిగ్రీలకు ఎక్కేసరికి పరమాణువులు ఇంకా చల్లగా కూర్చుని ఉంటాయి. ఆ వేడి వాటికి చేరడానికి కొన్ని పికోసెకండ్లు పడుతుంది. ఒకే చోట రెండు ఉష్ణోగ్రతలు, రెండు ఖాతాలు, మధ్యలో నెమ్మదిగా జరిగే బదిలీ. సోవియట్ శాస్త్రవేత్త అనిసిమోవ్ బృందం 1974లో లేజర్లకు ఈ రెండు ఖాతాల లెక్క రాసిపెట్టింది.

నానోసెకండు పల్సులకు ఉదాహరణ మన దగ్గరే ఉంది. రాత్రిపూట ఆకాశంలోకి పోయే పచ్చటి గీత గాదంకి లైడార్‌ది, అంటే లేజరుతో వాతావరణాన్ని పరిశీలించే పరికరానిది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998 నుంచి ఉంది. కాంతి తరంగదైర్ఘ్యం 532 నానోమీటర్లు, ఒక్కో పల్సు సుమారు 7 నానోసెకండ్లు. పల్సులో అర జౌలు అనుకున్నా ఆ క్షణానికి ఏడు కోట్ల వాట్లు. అంత శక్తి మేఘాన్ని వెచ్చబెట్టను కూడా వెచ్చబెట్టదు, కిరణాన్ని వెడల్పు చేసి పంపుతారు. అదే రంగు, దాదాపు అదే నిడివి గల పల్సును కటకంతో ఒక బిందువులో కుదిస్తే గాలే చిట్లుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం వాళ్ళు, విశాఖలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళతో కలిసి సరిగ్గా దీన్నే లెక్కగట్టారు. గాలిలో పుట్టిన ప్లాస్మా, దాని నుంచి దూసుకుపోయే షాక్ తరంగం ఎలా పెరుగుతాయో రెండు దిశల్లో లెక్కించే కోడ్‌తో వెతికి, 2017లో పత్రం వేశారు. లేజరు వచ్చే వైపు వేడెక్కిన గాలి కాంతిని ముందు మింగేస్తుంది. కాబట్టి ప్లాస్మా అన్ని వైపులా సమానంగా పెరగదు, లేజరుకు ఎదురెళుతుంది. ఇలాంటి లెక్కకు కొలతలే సాక్షి. కెమెరాలో పట్టిన షాక్ తరంగపు నీడ ఏ క్షణానికి ఎక్కడుందో, కోడ్ చెప్పిన చోటుతో పోల్చాలి.

సాక్షి గురించే ఒక మాట. ఈ విద్యలో మోసం చెయ్యడానికి వీలున్న తలుపు ఒకటుంది, దాని పేరు శోషణ. పడిన కాంతిలో ఎంత లోపలికి పోయిందన్న అంకె. చల్లని రాగి పరారుణ కాంతిని దాదాపు అంతా తిప్పికొడుతుంది. కరిగితే ఎక్కువ మింగుతుంది. లోతైన గుంట పడితే కిరణం గోడలకు తగిలి తగిలి ఇంకా ఎక్కువ మింగబడుతుంది. సరైన విలువ తెలియదు కదా అని ఫలితం ప్రయోగంతో కలిసేదాకా ఈ అంకెను జరుపుకుంటూ పోతే అన్నీ కలుస్తాయి. వెయ్యి డిగ్రీల దాకా పుస్తకంలో ఉన్న ఉష్ణవాహకతను మూడు వేల దాకా స్కేలు పెట్టి గీత లాగడం కూడా ఆ కుటుంబంలోదే. ఒక పవరు దగ్గర ఆ అంకెను సరిచేసుకుని, ఇక ముట్టుకోకుండా, మిగతా పవర్లకూ వేగాలకూ జవాబు చెప్పినవాళ్ళ పత్రాలనే నేను శ్రద్ధగా చదువుతాను.

అలాంటి పత్రాల్లో ఒక బొమ్మ ఉంటుంది. అతుకును అడ్డంగా కోసి, నున్నగా రుద్ది, ఆమ్లం పూసి, మైక్రోస్కోపు కింద తీసిన ఫొటో ఎడమ సగం. కంప్యూటరు చెప్పిన మడుగు కుడి సగం. రెండింటినీ మధ్యగీత మీద అతికిస్తారు. నా కళ్ళు రంగుల మీద ఆగవు, ఆ మధ్యగీత అడుగుకే పోతాయి. మడుగు లోతు అక్కడ ఎడమన ఒక చోట, కుడిన ఒక చోట ముగుస్తుంది. ఆ రెండింటి మధ్య మెట్టు ఎంత ఉందో చూస్తాను. ఆ మెట్టును గోరుతో తడిమినట్టు చూడవచ్చు. కొందరు దాన్ని దాచుకోరు, బాణం గుర్తు పెట్టి మరీ చూపిస్తారు. వాళ్ళకు నమస్కారం.

ఆ రోజు పెద్దావిడ పలక తీసుకోవడానికి వాళ్ళబ్బాయి వచ్చినప్పుడు నేనింకా కొట్టులోనే ఉన్నాను. కొట్టాయన పలకను ఎత్తి గోడకు ఆనించబోతూ ఒక్క క్షణం వెనకవైపు తిప్పాడు. పాలిష్ పట్టిన అంచు మీద, సిమెంటులో దిగిపోయే చోట, గోరంత గళ్ళు పది వరసగా ఉన్నాయి. మొదటిది కనబడీ కనబడనట్టు బూడిదరంగు, చివరిది పెచ్చు లేచి గరుకుగా ఉంది. ఆరో గడి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి ఉంది.